కేర్, వరీ, కన్సర్న్: సైట్‌ల ఏ మాట ఎప్పుడనాలె

ఈ ఎపిసోడ్‌ల నేను మాట్లాడిన ముచ్చటనే ఇక్కడ రాసి పెట్టినం. డ్యూటీల ఉండి వినలేనోళ్లు బస్సుల కూర్చుని సదువుకోవచ్చు.

ముందే చెప్తున్న, నేను ఇంగ్లిష్ మాస్టర్‌ను కాదు. ఐటీఐ సదివి వచ్చినోణ్ణి. ఎమిరేట్స్‌ల కన్‌స్ట్రక్షన్ సైట్‌ల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్న. పొద్దుగాల టూల్‌బాక్స్ మీటింగ్ నుంచి రాత్రి క్యాంపుకు పోయేదాకా మన చెవుల పడే మాటలు కొన్ని ఉంటయి. టేక్ కేర్, బీ కేర్‌ఫుల్, డోంట్ వరీ, కన్సర్న్, డోంట్ మైండ్. మనోళ్లకు ఇవన్నీ ఒక్క తీరుగనే వినబడ్తయి. ‘పైలం’ అన్నట్టు, లేకుంటే ‘ఫికర్ చెయ్యకు’ అన్నట్టు. కానీ ఒక్కో మాట ఒక్కో పని చేస్తది. ఆ తేడా తెల్వకుంటే ఒక్కోసారి కాలు విరుగుతది. ఉత్త మాటకు చెప్తలేను, నిజంగనే.

ఒక సైట్‌ల స్లాబ్ మీద పైపుల కోసం ఇడిసిన ఓపెనింగ్ ఉండె. దాని మీది ప్లైవుడ్ పక్కకు జరిగింది. రౌండ్‌కు వచ్చిన ఇంజినీరు అక్కడున్న మన తెలుగాయనతోని ‘టేక్ కేర్ ఆఫ్ దట్ ఓపెనింగ్’ అని పోయిండు. మనాయన ‘యస్ సార్’ అన్నడు. ‘ఆ బొక్క కాడ పైలంగుండు’ అన్నడనుకున్నడు. దినమంతా దాని పక్క నుంచి పైలంగనే తిరిగిండు. సాయంత్రం కండ్యూట్ పైపులు భుజానేసుకొని వచ్చిన ఇంకో పిలగాని కాలు అండ్ల వడ్డది. కింది ఎముక విరిగింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు.

ఇంజినీరు చెప్పింది ‘దాని సంగతి నువ్వు చూడు, మూసెయ్యి’ అని. బీ కేర్‌ఫుల్ అంటే నీ ఒంటికి నువ్వు పైలం. ఉత్త టేక్ కేర్ అంటే పోయేటప్పుడు అనే మాట, మనం ‘మంచిగుండు’ అన్నట్టు. టేక్ కేర్ ఆఫ్ అంటే ఆ పని నీకు అప్పజెప్పినట్టు. గుర్తు పెట్టుకునేందుకు ఒక ఉపాయం చెప్తా. ఊర్ల ఉత్తరం మీద కేరాఫ్ అని రాసేటోళ్లం గదా? ఫలానాయన కేరాఫ్ అంటే, ఆయన చేతికిస్తే చేరుతదని. ఇదీ గంతే. ‘కేర్ ఆఫ్’ వినబడ్డదంటే అది మీ చేతికొచ్చిందన్నట్టు. అనుమానముంటే ఎనుకకు అడగాలె: ‘సార్, యూ వాంట్ మీ టు క్లోజ్ ఇట్?’ అడిగితే ఎవ్వరూ చిన్నచూపు చూడరు.

రెండోది, వరీకి కన్సర్న్‌కు తేడా. వరీ అంటే మన ఫికర్, రంది. అది కడుపుల ఉంటది. ఆ మాటకు పాత ఇంగ్లిష్‌ల అర్థం గొంతు పిసుకుడు. కుక్క గొర్ల మీద పడి తరిమి కరిస్తే ఇప్పటికీ వరీ అనే మాటనే వాడ్తరు. మనం ‘ప్రాణం పీక్కతింటుంది’ అంటం, అసొంటిదే.

కన్సర్న్ తీరు వేరు. మీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీద ‘టు హూమ్ ఇట్ మే కన్సర్న్’ అని చూసే ఉంటరు. సంబంధించినోళ్లకు అని. ఊర్ల ఆఫీసుల ‘కన్సర్న్‌డ్ ఆఫీసర్‌ను కలువు’ అంటరు, గదీ అదే. అంటే కన్సర్న్ అన్న మాటల సంబంధం ఉన్నది. ‘ఇది నాకూ మీకూ సంబంధించిన విషయం, దీనికి జవాబు కావాలె’ అని టేబుల్ మీద పెట్టినట్టు.

సైట్‌ల ఇది ఎట్ల పనికొస్తదో చూడుండ్రి. పరంజి ఊగుతుంది. ఫోర్‌మన్ కాడికి పోయి ‘సార్, ఐ యామ్ వరీడ్’ అంటే, ఆయన భుజం తట్టి ‘డోంట్ వరీ’ అంటడు. ముచ్చట ఒడిసింది. ఎందుకంటే మీరు చెప్పింది మీ మనసు సంగతి, ఆయన మనసుకే ధైర్యం చెప్పిండు. పరంజి మాత్రం ఊగుతనే ఉంటది. అదే ‘సార్, ఐ హ్యావ్ ఎ సేఫ్టీ కన్సర్న్. స్కాఫోల్డ్ ఈజ్ మూవింగ్’ అంటే, దానికి డోంట్ వరీ అని జవాబు చెప్పుడు కష్టం. సేఫ్టీ ఆఫీసర్ వచ్చి చూడాలె, కాయితం మీద రాయాలె. ఎండాకాలం ముచ్చట గూడ గంతే. ఎమిరేట్స్‌ల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు ఎండల బయట పని చేయించొద్దని రూలున్నది. ఆ టైముల ఎండల పని చెయ్యమంటే ‘హాట్ సార్, వరీ సార్’ అనకుండ్రి. ‘మిడ్‌డే బ్రేక్ కన్సర్న్’ అనుండ్రి. భయం తక్కువ చూపియ్యాలె, విషయం ఎక్కువ చెప్పాలె.

మూడోది, డోంట్ కేర్. ఇది మనోళ్ల నోట్లెకు ఎట్లొస్తదో నాకు తెలుసు. మనం ‘పర్వాలేదు’ అంటం. పర్వా అంటే ఉర్దూల లక్ష్యపెట్టుడు. దాన్ని తీస్కపోయి ఇంగ్లిష్‌ల పెడితే ‘ఐ డోంట్ కేర్’ అయితది. చార్జ్‌హ్యాండ్ వచ్చి ‘టీ లేదు, నీళ్లు ఓకేనా?’ అంటే, పాపం మంచి మనసుతోనే ‘ఐ డోంట్ కేర్’ అంటడు మనోడు. ఆయనకు ‘నువ్వేందిరా నాకు లెక్క’ అన్నట్టు వినబడ్తది. పర్వాలేదు అనాల్నంటే ‘ఐ డోంట్ మైండ్’ అనాలె, లేకుంటే ‘నో ప్రాబ్లమ్’.

ఈ మైండ్‌ల ఇంకో మెలిక ఉన్నది. ‘డూ యూ మైండ్ వర్కింగ్ నైట్ షిఫ్ట్?’ అని అడిగితే, చేస్తా అన్న ఉద్దేశంతోని ‘యస్ సార్’ అంటం. వాళ్లడిగింది ‘నీకేమన్న అభ్యంతరమా?’ అని. యస్ అంటే అభ్యంతరం ఉన్నట్టు. ఓటీ కావాల్నంటే ‘నో సార్, ఐ కెన్ డూ’ అనాలె. వద్దంటే ‘సారీ సార్, ఐ కాంట్’ అని సాఫ్‌గ చెప్పాలె.

ఆఖరిది, క్లినిక్‌ల ముచ్చట. ఇది జర మనసు పెట్టి వినుండ్రి. మనకు టెన్షన్ అంటే ఫికర్. మన సైట్‌ల టెన్షన్ అంటే స్లాబ్‌ల కేబుల్ గుంజుడు. క్లినిక్‌ల ‘ఐ హ్యావ్ టెన్షన్’ అంటే నర్సమ్మ బీపీ మిషన్ తీస్తది. హైపర్‌టెన్షన్ అంటే బీపీ గదా మరి. బీపీ మంచిగుంటే ‘యూ ఆర్ ఫైన్’ అని పంపుతరు. లోపలి బాధ లోపలనే ఉంటది.

మన రందికి, బెంగకు ఇంగ్లిష్‌ల సరింగ అతికే ఒక్క మాట నాకింతవరకు దొరకలె. హోమ్‌సిక్ అనేది బెంగకు దగ్గరగుంటది, కానీ అప్పుల రంది అండ్ల రాదు. యాంగ్జయిటీ అనేది డాక్టర్ల మాట. గందుకే నేను మా పిలగాండ్లకు ఒక్కటే చెప్తా. మాట కోసం ఎతుక్కోకు, జరుగుతున్నది చెప్పు. ‘ఐ కాంట్ స్లీప్. ఫోర్ నైట్స్.’ ‘ఐ కాంట్ ఈట్.’ ‘మై హార్ట్ బీట్స్ ఫాస్ట్.’ ఇట్ల చెప్తే ఏ దేశపు నర్సుకైనా అర్థమైతది. పానం ఇడవాలె అనిపించేదాక వస్తే అది గూడ దాచిపెట్టొద్దు. పక్క మంచమాయనకు తెలుగులనే చెప్పు. ఎమిరేట్స్‌ల ఉన్నోళ్లు మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు. పైసలు పడవు.

పక్క మంచమాయనకూ ఒక మాట. తమ్ముడు తింటలేడు, ఫోన్ పట్టుకొని గోడ దిక్కు తిరిగి పంటున్నడు అంటే, ‘డోంట్ వరీ భాయ్’ అని దుప్పటి కప్పుకొని పండుకోకు. ఆయనను క్లినిక్‌కు తోలుకపో. అక్కడ నువ్వే చెప్పు. కేర్ అనుడు గాదు, కేర్ ఆఫ్ కావాలె.

మీ సైట్‌ల మిమ్ముల తిప్పలు పెడుతున్న ఇంగ్లిష్ మాట ఏదన్న ఉంటే వాయిస్ మెసేజ్ పంపుండ్రి, వచ్చేసారి దాని సంగతి చూద్దాం. హెల్మెట్ పట్టీ పెట్టుకోండ్రి, నీళ్లు తాగుండ్రి. ఉంట మరి.