గ్రామమున పాటల గది: సాఫ్ట్‌వేరు ఎన్నిక ఎట్లు?

(శ్రీకాకుళం జిల్లా నౌపడలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ కార్యాలయపు అరుగు మీద సాయంకాలమున రేడియో మ్రోగుచుండగా ఊరంతయు కూడి వినిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలసిన పిదప ఉత్తరాంధ్ర గొంతులు కూడ ఆ పెట్టెలో వినవచ్చినవి. అయినను ఆనాడు పాడదలచినవాడు పట్టణమునకు పోవలసినదే. ఊరు వినుటకే గాని వినిపించుటకు సాధనము లేకుండెను. ఈనాడు ఆ యంత్రసామగ్రిలో పెద్ద భాగము ఒక లాప్‌టాపులో ఇమిడిపోయినది. కనుకనే అనేక గ్రామములలో యువకులు తమ యింటి గదిలోనో, పాఠశాల గదిలోనో పాటలు రికార్డు చేసికొనుటకు పూనుకొనుచున్నారు. సహాయమునకై పంచాయతీల వద్దకు వచ్చుచున్నారు. వారు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: ఏ సాఫ్ట్‌వేరు కొనవలెను?

ఇది పిల్లల సరదా ప్రశ్నయని త్రోసివేయదగదు. తొందరపడి జవాబు చెప్పినచో రెండు నష్టములు కలవు. మొదటిది డబ్బు నష్టము. అది మరియొక సంవత్సరమున పూడవచ్చును. రెండవది పూడునది కాదు. జముకుల కథను తెల్లవారు వరకు చెప్పగల వృద్ధులు, తప్పెటగుళ్ళ పాటలను కాగితము చూడక పాడగలవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. మనము యంత్రములను గూర్చి వాదించుకొనుచు రెండేండ్లు గడిపినచో, యంత్రము వచ్చునాటికి పాడువారుండకపోవచ్చును.

సాఫ్ట్‌వేరు చేయు పని ఏమి?

కుట్టుపనివాని బల్లను తలచుకొనుడు. గుడ్డను దాని మీద పరచి, కత్తిరించి, ముక్కలను కలిపి కుట్టును. పాటల సాఫ్ట్‌వేరును కంప్యూటరులోని అట్టి బల్ల యనవచ్చును. దీనినే డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అందురు. మైకు ద్వారా వచ్చిన గొంతును ఒక వరుసలోను, జముకును మరియొక వరుసలోను, తాళములను వేరొక వరుసలోను పరచును. ఏ వరుసను హెచ్చించవలెనో, దేనిని తగ్గించవలెనో, ఎచ్చట దగ్గు వినవచ్చినదో చూచి సరిచేయవచ్చును. పిమ్మట అన్నిటిని కలిపి ఒక్క పాటగా బయటికి తీయవచ్చును.

ఇట్టి సాఫ్ట్‌వేరులు రెండు తెగలుగా నున్నవని స్థూలముగా చెప్పవచ్చును. ఒక తెగ యంత్రములోనే దరువును, వాద్యములను పుట్టించి పాటను కట్టుటకు అనువైనది. రెండవ తెగ మనుష్యులు పాడుచుండగా, వాయించుచుండగా ఉన్నదున్నట్లు పట్టుకొనుటకు అనువైనది. యువకులకు మొదటి తెగ మీద మోజు మెండు. తప్పు లేదు. అయితే పంచాయతీ తన నిధులను వెచ్చించునప్పుడు ముందుగా చూడవలసినది రెండవ తెగను. యంత్రపు దరువు ఎప్పుడైనను దొరకును. మన ఊరి గొంతు ఊరిలోనే దొరకవలెను.

మన వాద్యముల స్వభావము

ఎన్నికకు ముందు మన వాద్యములను గూర్చి ఆలోచింపుడు. జముకునకు ఒక ప్రక్క తోలు మూసియుండును. ఆ తోలు నడుమనుండి వచ్చిన తీగను బిగించి మీటినప్పుడు ధ్వని గుమ్మని లేచి, బిగువును బట్టి పైకి క్రిందికి జారును. తప్పెటగుళ్ళు రేకుతో చేసినవి, రొమ్మున కట్టుకొని గుంపుగా వాయింతురు, చెవులు గింగురుమనును. కథ సాగుకొలది నడక పెరుగును. వీర రసము వచ్చినప్పుడు ఒక నడక, శోకము వచ్చినప్పుడు మరియొక నడక.

అనేక సాఫ్ట్‌వేరులు నిమిషమునకు ఇన్ని దెబ్బలని ఒకే లెక్క పెట్టుకొని, దానికి తగినట్లు గళ్ళు గీసి కూర్చుండును. కథకుడు ఆ గళ్ళలో నడువడు. కావున గళ్ళను ఆపివేసి, గడియారము వలె కాలమును మాత్రము చూపుచు రికార్డు చేయగల సాఫ్ట్‌వేరు కావలెను. అట్లే, 1997లో ఆటో-ట్యూన్ అను ఉపకరణము వచ్చినది మొదలు గొంతు తప్పినచోట స్వరమును సరిదిద్దు అలవాటు లోకమంతట వ్యాపించినది. దానిని మన జానపదులపై ప్రయోగించుట తగదు. వారు జార్చి పాడు స్వరము తప్పు కాదు. అదియే ఆ పాట. ఉచ్చారణ సంగతియు అంతే. మన పల్లెల పలుకును పుస్తకపు పలుకుగా దిద్దుటకు ఏ యువకుడును పూనుకొనరాదు. శ్రీముఖలింగము దాపున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలతో కలిసి మెలిసి వారి భాషను నేర్చి, వారు పలికినది పలికినట్లు వ్రాసికొనిరి. ఆయనకు కాగితము, కలము ఉన్నవి. మనకు మైకు ఉన్నది. నియమము మాత్రము ఒక్కటే.

అయిదు పరీక్షలు

సభ్యులు సాంకేతిక విద్య నేర్వనక్కరలేదు. ఈ అయిదు ప్రశ్నలు అడిగిన చాలును.

1. మన యొద్దనున్న కంప్యూటరులో ఇది నడచునా? సాఫ్ట్‌వేరు కొరకు కొత్త కంప్యూటరు కొనవలసివచ్చినచో ఎన్నిక తప్పినట్లే.

2. గొంతును, వాద్యమును వేరువేరు వరుసలలో ఒకేసారి రికార్డు చేయునా? ఒకే సాఫ్ట్‌వేరును పలు ధరలకు పలు కూర్పులుగా అమ్ముదురు. తక్కువ ధర కూర్పున గొంతు రికార్డు చేయు సౌకర్యము లేకపోవచ్చును.

3. ఒక్కమారు చెల్లించిన చాలునా, లేక నెలనెలా చందా కట్టవలెనా? చందా నిలిచిననాడు సాఫ్ట్‌వేరు నిలిచిపోయినచో పంచాయతీకి చిక్కు.

4. రికార్డయినదానిని సాధారణమైన వేవ్ ఫైలుగా బయటికి తీయవచ్చునా? ఈ ఫైలు రీతి 1991లో వచ్చినది. నేటికిని సకల యంత్రములును దీనిని చదువగలవు.

5. దీనిని నేర్పగలవారు దగ్గరలో ఉన్నారా?

నాల్గవ ప్రశ్న ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణము చెప్పెదను. కేక్‌వాక్ సోనార్ అనునది చిరకాలము పేరు పొందిన సాఫ్ట్‌వేరు. 2017లో దాని యజమానులైన గిబ్సన్ కంపెనీవారు దాని అభివృద్ధిని ఆపివేసిరి. 2018లో బ్యాండ్‌ల్యాబ్ వారు దానిని కొని ఉచితముగా ఇచ్చిరి గనుక వాడుకరులు గట్టెక్కిరి. ప్రతిసారి ఇట్టి అదృష్టము పట్టదు. కంపెనీలు చేతులు మారును. మన పాటలు ఏ ఒక్క కంపెనీ పెట్టెలోను చిక్కుకొనరాదు.

ఏవి యోగ్యములు?

ఇప్పుడు పేర్లు చెప్పెదను. ప్రొ టూల్స్, క్యూబేస్, లాజిక్ ప్రో అనునవి పెద్ద స్టూడియోలలో వాడుకలోనున్నవి. లాజిక్ ప్రో యాపిల్ వారి యంత్రములపై మాత్రమే నడచును. ఇవి గొప్పవియే. కాని కాలువ దాటుటకు ఓడ అక్కరలేదు.

మొదటి మెట్టుగా ఆడాసిటీ తగినది. ఇది 2000 సంవత్సరమున వెలువడినది, పూర్తిగా ఉచితము, ఎన్ని కంప్యూటర్లలోనైనను పెట్టుకొనవచ్చును, పాత యంత్రములపైనను నడచును. కథను రికార్డు చేయుట, దగ్గును తీసివేయుట, ధ్వనిని హెచ్చించుట, వేవ్ ఫైలుగా దాచుట వంటి పనులకు ఇది చాలును. పనివాడు వారము దినములలో నేర్చుకొనవచ్చును.

రెండవ మెట్టు రీపర్. ఎక్కువ వరుసలు కలిపి పాటను తీర్చిదిద్దువారికి ఇది మేలు. 60 దినములు ఉచితముగా పరీక్షించి చూడవచ్చును. వ్యక్తులకు, విద్యాసంస్థలకు, లాభాపేక్ష లేని సంస్థలకు దాని తగ్గింపు లైసెన్సు ధర 60 డాలర్లు. కొనుటకు ముందు మన సంస్థ ఏ తరగతిలోనికి వచ్చునో చూచుకొనవలెను. ఆర్డర్ అను మరియొక సాఫ్ట్‌వేరు మూలకోడు అందరికిని తెరచియుంచబడినది. లినక్సు వాడువారికి ఇది అనుకూలము. ఇదివరకే ఎవరికైనను యాపిల్ కంప్యూటరున్నచో గరాజ్‌బ్యాండ్ అందులో ఉచితముగా లభించును.

యంత్రపు దరువులు కట్టదలచిన యువకులకు ఎల్.ఎం.ఎం.ఎస్. అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. ఎఫ్.ఎల్. స్టూడియో కొనినవారికి తరువాతి కూర్పులు ఉచితముగా వచ్చును. ఇవి వారి సొంత ఉత్సాహమునకు తగినవి. పంచాయతీ ధనముతో మొట్టమొదట కొనవలసినవి కావు.

ఇక దొంగ ప్రతుల మాట. అంగడిలోనో, ఇంటర్నెట్టులోనో తాళము పగులగొట్టిన సాఫ్ట్‌వేరు ఊరకనే దొరకునని ఎవరైన చెప్పినచో అంగీకరింపవలదు. 1957 నాటి కాపీరైటు చట్టపు 63-బి విభాగము ప్రకారము తెలిసి తెలిసి అట్టి ప్రతిని కంప్యూటరుపై వాడినవారికి ఏడు దినములకు తక్కువ కాకుండ మూడేండ్ల వరకు జైలు, యాభై వేల నుండి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అంతేకాక, అట్టి ప్రతుల వెంట వైరసులు వచ్చి దాచిన పాటలనే మ్రింగివేయగలవు. ఉచితమైన మంచి సరుకు చేతనుండగా దొంగ సరుకు ఏల?

మిగిలిన డబ్బు ఎచ్చట పెట్టవలెను?

సాఫ్ట్‌వేరుపై మిగిలిన డబ్బును మైకుపైన, గదిపైన పెట్టుడు. ఎంత మంచి బల్ల అయినను చినిగిన గుడ్డను కొత్త గుడ్డగా చేయలేదు. మైకులలో డైనమిక్ రకము, కండెన్సరు రకము అని రెండు కలవు. కండెన్సరు మైకు సూక్ష్మమైన ధ్వనిని కూడ పట్టును. కాని దానికి సాధారణముగా 48 వోల్టుల విద్యుత్తు అందింపవలెను. చెమ్మ దానికి గిట్టదు. నౌపడ గాలి సంగతి మీకు నేను చెప్పవలెనా? ఉప్పు మడుల మీదుగా వచ్చు గాలి ఇనుమునే తినివేయును. కనుక మనకు డైనమిక్ మైకులు రెండు, మైకును కంప్యూటరునకు కలుపు రెండు దారుల ఇంటర్‌ఫేసు ఒకటి, చెవులను పూర్తిగా మూయు హెడ్‌ఫోను ఒకటి మొదట చాలును. పని ముగియగనే వీనిని తుడిచి, చెమ్మను పీల్చు సిలికా జెల్ పొట్లములతో మూత గట్టిగానుండు డబ్బాలో దాచవలెను.

గదిని గూర్చి రెండు మాటలు. రేకు కప్పు వలదు; వాన పడినచో రికార్డింగు ఆగిపోవును. గోడలకు బొంతలు, దుప్పట్లు వ్రేలాడగట్టినచో ప్రతిధ్వని తగ్గును. మన ఊరు కలకత్తా–మద్రాసు పెద్ద లైనుపై జంక్షను; గుణుపురపు శాఖ ఇచ్చటనే చీలును. కావున రైళ్ళ వేళల పట్టికను గోడకు అంటించి, నడుమనున్న విరామములలో పని చేసికొనవలెను. తప్పెటగుళ్ళ వంటి గుంపు వాద్యములను గదిలో కుక్కక, నిశ్శబ్దముగానున్న ఆరుబయట, మైకును దూరముగా నిలిపి పట్టుటయే మంచిది.

దాచుట

రికార్డు చేయుట సగము పని. ధ్వని భాండాగారముల అంతర్జాతీయ సంఘమువారు పాత ధ్వనులను భద్రపరచుటకు క్షణమునకు 48 వేల నమూనాలకును, 24 బిట్లకును తగ్గరాదని సూచించిరి. ఆ లెక్కను ఒక మైకుతో గంట కథకు 518 మెగాబైట్లు పట్టును. నూరు గంటలకు 52 గిగాబైట్లు. చిన్న డిస్కులో ఇమిడిపోవు సంగతి ఇది. ఎం.పి.3గా కుదించినది ఫోనులో పంపుటకు పనికివచ్చును. దాచుటకు పనికిరాదు, ఏలన కుదించునప్పుడు కోల్పోయినది తిరిగిరాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లాను ఎట్లు తాకినదో మీరు మరచియుండరు. ఇంటి కప్పులు లేచిపోయినప్పుడు అలమరలోని డిస్కు నిలుచునా? కావున ప్రతి రికార్డింగునకు మూడు ప్రతులుండవలెను: ఒకటి కంప్యూటరులో, ఒకటి వేరు డిస్కులో, ఒకటి సముద్రమునకు దూరముగానున్న మరియొక ఊరిలో. ప్రతి ఫైలుతో పాటు పాడినవారి పేరు, ఊరు, తేదీ, కథ పేరు వ్రాసియుంచవలెను. పేరు లేని పాట కొన్నాళ్ళకు దిక్కులేని పాట యగును.

హక్కు ఎవరిది?

ఇది అన్నిటికంటె ముఖ్యము. 2020లో వచ్చిన పలాస 1978 చలనచిత్రము వలన ఉత్తరాంధ్ర జానపద గీతములు దేశాంతరములందును వినబడినవి. పల్లె పాటకు నేడు ధర కలదు. మన చట్టము ప్రకారము రికార్డింగును పూని, బాధ్యత వహించి చేయించినవారే ఆ రికార్డింగునకు కర్తలు. ఆ హక్కు 60 సంవత్సరములుండును. పాడినవారికి ప్రదర్శకులుగా వేరుగా 50 సంవత్సరముల హక్కు కలదు. కనుక పంచాయతీ చేయించిన రికార్డింగుపై పంచాయతీకి అధికారము వచ్చునేగాని, పాడిన వృద్ధురాలి వాటా మాయము కారాదు. రికార్డింగునకు ముందే తెలుగులో ఒక పుట ఒప్పందము వ్రాసి, చదివి వినిపించి, సంతకమో వ్రేలిముద్రయో తీసికొనుడు. పాట అమ్ముడైనచో ఆమెకెంత, సంఘమునకెంత, పంచాయతీకెంత అనునది అందులో స్పష్టముగానుండవలెను. ఆమె వలదన్న పాటను బయటికి పంపరాదు.

చేయవలసిన పని

సభ్యులారా, తొలుదొల్త పెద్ద అంచనాలు వేయవలదు. గ్రామసభలో తీర్మానము చేసి, కంప్యూటరు తెలిసిన యువతీయువకులను ఇద్దరిని ఎన్నుకొనుడు. ఉన్న లాప్‌టాపులో ఆడాసిటీని ఎక్కించి, ఒక్క మైకుతో మొదలిడుడు. ఊరిలోను, చుట్టుపట్ల పల్లెలలోను పాడగల వృద్ధుల జాబితా వ్రాయుడు. వయస్సు మీరినవారిని ముందు పిలువుడు. ఆరు మాసములు పని సాగిన పిదప, ఆ ఇద్దరు ఇంకను కావలెనని చెప్పినదానిని అప్పుడు కొనుడు. అవసరము ముందు, కొనుగోలు వెనుక. ఇదియే పంచాయతీ ధనమునకు రక్ష.

నౌపడ నుండి 1900లో పర్లాకిమిడికి నడచిన చిన్న రైలు 2004లో ఆగినది. 2011 నాటికి ఆ దారి గుణుపురము వరకు పెద్ద లైనుగా మారినది. మార్పు మంచిదే. ఆ చిన్న రైలు కూత ఎట్లుండెనని పిల్లలు అడిగినచో పెద్దలు నోటితో అనుకరించి చూపుచున్నారు. జముకుల కథ విషయమున మన మనుమలకు అట్టి అనుకరణ మాత్రమే మిగులకుండునట్లు చూచుట మీ చేతిలోనున్నది. ఉచిత సాఫ్ట్‌వేరు సిద్ధముగానున్నది. పాడువారు ఇంకను ఉన్నారు. వచ్చు సమావేశపు కార్యక్రమమున ఈ విషయమును చేర్చుకొనవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.

జై హింద్.