ఆటస్థలం కూడా హక్కే

(అల్లూరు యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో ఉపకార వేతనాల గురించి, వక్ఫ్ భూముల గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. నేడు నేను ఒక ఆటస్థలం చరిత్ర చెప్పదలిచాను. అది హైదరాబాదు బషీర్‌బాగ్‌లోని ఫతే మైదాన్. 1967 నుండి దాని పేరు లాల్ బహదూర్ స్టేడియం.

'ఫతే' అనగా విజయం. 1687లో గోల్కొండను జయించిన ఔరంగజేబు సైన్యం అక్కడ విడిది చేసిందనీ, ఆ గెలుపే ఆ నేలకు పేరైందనీ చెబుతారు. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడేవారు. అది ప్రభువుల ఆట. గుర్రం లేనివాడు గట్టున నిలబడి చూడవలసిందే. తరువాత అక్కడ స్టేడియం వెలిసింది. 1955లో న్యూజిలాండ్‌పై ఉమ్రిగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో డబుల్ సెంచరీ సాధించిన తొలి భారతీయుడైనది అక్కడే.

ఆ రోజులే హైదరాబాదు ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షకునిగా భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. ఆ ఒలింపిక్ జట్టులో మన హైదరాబాదు వారు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. ఏ మతం వాడని బంతి అడగలేదు. జకార్తా నాటికే రహీం సాహెబ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఈ వైభవం కేవలం ప్రతిభ వల్ల వచ్చిందనుకుంటే పొరపాటు. ఆడుకోవడానికి నేల ఉంది. నేర్పడానికి గురువు ఉన్నాడు. ఆటగాడికి పోలీసు శాఖలో ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం ఉన్నాయి. ఈ మూడూ ఒకచోట కలిసినందువల్లనే సామాన్య కుటుంబాల బిడ్డలు దేశానికి ఆడగలిగారు. ఇందులో ఏది తగ్గినా తండ్రి తన బిడ్డను మైదానానికి కాక మెకానిక్ షాపుకే పంపుతాడు. ఆ తండ్రిని తప్పుపట్టలేం.

లాల్ బహదూర్ స్టేడియంలో ప్రభుత్వ ఇఫ్తార్ విందులు జరిగాయి. మనవారిని పిలిచి మర్యాద చేయడం సంతోషమే. కానీ ఒక్క సాయంత్రం విందుకు పిలిచినవారిని, మిగిలిన సాయంత్రాలు మా పిల్లల ఆటకు ఏమి ఏర్పాటు చేశారని అడిగే హక్కు మనకుంది. విందు మర్యాద, ఆటస్థలం హక్కు.

హైదరాబాదు మాట అల్లూరులో ఎందుకని మీరు అడగవచ్చు. స్టేడియం మనకు రాకపోవచ్చు. నాలుగు గోడల మధ్య పెరిగే మన పిల్లలకు పరుగెత్తే నేల మాత్రం కావాలి. నేను గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కాగితం విలువ నాకు తెలుసు. మన ఊరిలో ఆటకు పనికివచ్చే ప్రభుత్వ భూమి ఏ సర్వే నంబరులో ఉందో, ఎంత విస్తీర్ణమో సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఆ జవాబుతో గ్రామసభకు వెళదాం. బడి వదిలిన తరువాత పాఠశాల మైదానం పిల్లలకు తెరిచి ఉంచాలని తీర్మానం కోరుదాం. ఆడపిల్లలకు వేరుగా సమయం కేటాయించమని అదే అర్జీలో రాద్దాం. అర్జీపై అన్ని వీధులవారి సంతకాలూ ఉండాలి. అది మన ఒక్కరి మైదానం కాకూడదు.

రహీం సాహెబ్‌ను స్మరించుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తోచడం లేదు. అర్జీ రాసి తెచ్చాను. సభ ముగియగానే సంతకాలు మొదలుపెడదాం.

ఖుదా హాఫిజ్.