పాతబండి, దాని సంఖ్యాఫలకము



భూమికి సర్వే నంబరు ఎట్టిదో, మోటారుబండికి దాని ముందు వెనుకల బిగించిన పలకమీది సంఖ్య అట్టిది. పొలము గట్టు చెదరినను సర్వే నంబరు చెదరదు. బండి చేతులు మారినను, రంగు మారినను, ఆ సంఖ్య దానిని విడువదు. ఇది మీరెఱిగినదే. అయినను ఏబదియేండ్లు దాటిన బండ్లకొఱకు కేంద్రప్రభుత్వమువారు 2021వ సంవత్సరము జులై నెలలో ప్రత్యేకముగా కొన్ని నియమములు చేసిరనియు, అవి మన పశువుల కొట్టములలో మూలబడియున్న బండ్లకును వర్తింపగలవనియు నెఱిగినవారు పల్లెలలో తక్కువ. ఆ సంగతియే నేడు మీకు విన్నవింపదలచితిని.

మాది చిల్కూరు. బాలాజీ దర్శనమునకై నగరమునుండి వచ్చు కార్లకు మా ఊర కొదువ లేదు. గండిపేట చెఱువు చుట్టును, మొయినాబాదు, చేవెళ్ల త్రోవలలోను తోటబంగళాలు వెలసినప్పటినుండి మాకొక క్రొత్త వింత కనబడుచున్నది. ఆదివారము ప్రొద్దున మెఱయుచు పరుగెత్తు క్రొత్తకార్ల నడుమ, తాతలనాటి కారొకటి తాంబూలము నములుచు పోవు జమీందారువలె మెల్లగా సాగిపోవుచుండును. అట్టివానిని కూర్చుకొనుట కొందఱికి వేడుక. వారును, వారి తరపున దళారులును ఊళ్లలోనికి వచ్చి, పాత జీపు కలదా, పాత బుల్లెట్టు కలదా, రాజ్‌దూతు కలదా యని ఆరా తీయుచున్నారు. బండి చూచిన వెంటనే వారడుగు రెండవ ప్రశ్న, పాత నంబరున్నదా, కాగితములున్నవా, అనునది. ఈ రెండవ ప్రశ్నకు మనవారు తగినంత విలువనిచ్చుట లేదు.

సంఖ్యలో ఏమి యున్నదని అడుగవచ్చును. 1932వ సంవత్సరమున నిజాము రైల్వేశాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. ఆ బస్సుల సంఖ్యలో జెడ్ అను ఇంగ్లీషు అక్షర ముండెడిది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను తన తల్లి జహ్రాబేగము పేరిట ఆ అక్షరము నుంచుమని కోరెనని పెద్దలు చెప్పుదురు. ప్రభుత్వములు మారినవి, రాష్ట్రము ఒకమాఱు కలిసినది, ఒకమాఱు విడిపోయినది. ఆర్టీసీ బస్సును జెడ్ మాత్రము విడువలేదు. నేను బడిలో పనిచేయు కాలమున, అక్షరమాలలో కడపటిదైన ఆ అక్షరమును పిల్లలు పుస్తకములో చూడకమునుపే బస్సు వెనుక చూచి గుఱుతుపట్టెడివారు. పలకను చదువనేర్చినవాడు బండి వయస్సును గూడ చెప్పగలడు. 1989 జులై 1వ తేదీన క్రొత్త మోటారు చట్టము అమలునకు రాకమునుపటివి మూడక్షరముల సంఖ్యలు. పిమ్మటివి మన ప్రాంతమున ఏపీ 28. రాష్ట్రము వేఱైన పిదప టీఎస్ 07. 2024 మార్చినుండి టీజీ. అక్షరములిన్ని మార్లు మారినను పాత సంఖ్యలు గల బండ్లు వానితోనే తిరుగుచున్నవి.

ఇక నియమముల సంగతి. రెండు చక్రములదైనను, నాలుగు చక్రములదైనను, మొట్టమొదట రిజిస్టరైన దినమునుండి 50 సంవత్సరములు దాటి, తన తొలిరూపముననే యున్న బండిని పురాతన వాహనముగా నెంచుదురు. దాని చట్రము, ఒడలు, యంత్రము మార్పు నొందియుండరాదు. యజమాని 20వ నమూనా దరఖాస్తుతో భీమాపత్రమును, రుసుమును, పాత ఆర్.సి. పుస్తకమును జతపఱుపవలెను. విదేశమునుండి తెచ్చినదైనచో సుంకపు కాగితము చూపవలెను. రవాణాశాఖవారు 60 దినములలోపల పత్రము నీయవలెను. క్రొత్తగా నమోదైనచో రుసుము 20,000 రూపాయలు; పిమ్మట మరల నమోదునకు 5,000 రూపాయలు. ఇదివఱకే మనదేశమున రిజిస్టరై యున్న బండి తన పాత సంఖ్యనే నిలుపుకొనవచ్చును. క్రొత్తగా సంఖ్య పొందునది రాష్ట్రాక్షరముల తరువాత వి.ఎ. అను గుఱుతును, పిమ్మట రెండక్షరములను, నాలుగంకెలను ధరించును. మన రాష్ట్రమున నైనచో అది టీజీ వీఏ అని మొదలగును. వేడుకగాండ్రకు ఈ క్రొత్త పలకకన్న పాత పలకయే ప్రియము. అందుచేతనే మీ ఇనుప సందుగలోని చిరిగిన ఆర్.సి. పుస్తకము బండితో సమానమైన ధర పలుకుచున్నది. అది పోయినచో పోలీసు ఠాణాలో ఫిర్యాదు చేసి, ఆ నకలుతో 26వ నమూనాలో దరఖాస్తు పెట్టి మాఱుప్రతి కోరవచ్చును. ఆ పని నేడు చేయుట సులభము. కొనువాడు వాకిట నిలిచినప్పుడు చేయబూనుట కష్టము.

ఈ పత్రము పొందిన బండికి ఒక కట్టుబాటు కలదు. దానిని నిత్యోపయోగమునకు గాని, కిరాయికి గాని రోడ్డుమీద నడుపరాదు. ప్రదర్శనలకు, పాతబండ్ల ఊరేగింపులకు, వానికి పోవుటకు వచ్చుటకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు మాత్రమే బయటికి తీయవలెను. కూరగాయల గంపలు వేసికొని చేవెళ్ల సంతకు పోవుటకు వీలులేదు.

ఇచ్చటనే నాకొక అసంతృప్తి కలదు. మా ప్రక్క గ్రామమున ఒక రైతుకుటుంబమువారికి 1960 ప్రాంతపు జీపొకటి కలదు. తొలుత అది పెట్రోలుతో నడిచెడిది. ఖర్చు భరింపలేక ఆ ఇంటి పెద్ద దానికి డీజిలు యంత్రము బిగింపించెను. ఆ యంత్రముతోనే అది ముప్పదియేండ్లు పూలమూటలు, ఎరువు బస్తాలు, పురిటి నొప్పుల స్త్రీలను మోసెను. ఇప్పుడు దళారి వచ్చి, యంత్రము మారినది గనుక ఇది పురాతనము కాదనెను. నియమము ప్రకారము వాని మాట సరియే. పైగా ఆ మార్పు ఆర్.సి.లో వ్రాయించియుండకపోవుటచేత, పుస్తకములోని యంత్రసంఖ్యకును బండిలోని సంఖ్యకును పొత్తు కుదురలేదు. దానికి భిన్నముగా, చౌమహల్లా ప్రాసాదమున పసుపువన్నె రోల్సురాయిసు కారొకటి నిలిచియున్నది. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొఱకు చేయించినది అది. ఆయన 1911లో కాలధర్మము నొందగా, కారు ఆయన కుమారునకు దక్కినది. పండుగలకు, దర్బారులకు తప్ప బయటికి రాలేదు గనుక చెక్కుచెదరక నిలిచినది. కొట్టమున పడియున్న బండికి పురాతనమను గౌరవము. కుటుంబమును పోషించిన బండికి ఆ గౌరవము లేదు. తొలిరూపమును కాపాడుట అవసరమే, నేను కాదనను. కాని యంత్రము మార్పవలసివచ్చిన పల్లెబండ్లకు వేఱొక తరగతి యేర్పఱచియుండినచో న్యాయముగా నుండెడిది.

వయస్సు విషయముననుగూడ మన నియమము కఠినమైనదే. జర్మనీ దేశమున 1997 నుండి, 30 ఏండ్లు దాటి చక్కగా నున్న బండి సంఖ్య చివర హెచ్ అను అక్షరము చేర్చుచున్నారు. అమెరికాలో పెక్కు రాష్ట్రములవారు 25 ఏండ్లకే పాతబండి పలక నిత్తురు. మనకు 50. కనుక 1985లో కొన్న అంబాసిడరు 2035 వఱకు సామాన్యమైన పాతకారే. సామాన్యమైన కారునకు పదునైదేండ్లు నిండిన పిమ్మట రిజిస్ట్రేషను మరల చేయింపవలెను. ఆ రుసుము 2022 ఏప్రిలులో 5,000 రూపాయలైనది. ఇరువదియేండ్లు దాటినవానికి 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసిరి. ఈ ఖర్చు చూచియే పలువురు బండిని తూకమునకు అమ్ముచున్నారు. తూకమునకు వేయకమునుపు తొలి రిజిస్ట్రేషను తేది యొకమాఱు చూడుడని నా మనవి. నలుబదియెనిమిదేండ్ల బండిని రెండేండ్లు ఓపిక పట్టలేక పారవేసినవారిని నేనెఱుగుదును.

అమ్మదలచినవారికి మఱొక హెచ్చరిక. మన తెలంగాణమున సాదాబైనామాల వలన భూములెన్ని చిక్కులలో పడినవో మీకు చెప్పనక్కఱలేదు. బండ్లను గూడ మనవారు అట్లే తెల్లకాగితముమీద సంతకము చేసి, తాళముచెవి చేతికిచ్చి పంపివేయుచున్నారు. ఆర్.సి.లో ఎవని పేరున్నదో వాడే చట్టము దృష్టిలో యజమాని. అమ్మిన పిమ్మట ఆ బండివలన ఎవరికైన ప్రమాదము కలిగినచో, పేరు మారియుండనిచో, నష్టపరిహారపు భారము పాత యజమానిమీదనే పడునని సుప్రీముకోర్టువారు 2018లో తీర్పు చెప్పిరి. రాష్ట్రములోనే అమ్మినచో అమ్మినవాడు 14 దినములలోపలను, కొన్నవాడు 30 దినములలోపలను రవాణాశాఖకు తెలుపవలెను. కొనువాడు వేడుకగాడని, ధనికుడని, చూపులకు పెద్దమనిషియని నమ్మి ఊరకుండవలదు.

యజమాని కాలము చేసిన యిండ్లలో ఈ చిక్కు ఇంకను ఎక్కువ. తాత పేరిట నున్న బండి మనుమనివఱకు అట్లే వచ్చియుండును. వారసుడు 30 దినములలోపల మరణవార్తను రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడు నెలలలో 31వ నమూనాతో పేరు మార్పించుకొనవలెను. గడువు దాటినను, జాగుచేసినందుకు జరిమానా చెల్లించి మార్పించుకొనుటకు వీలున్నది. అన్నదమ్ములు నలుగురున్నచో, ఎవరి పేరిట మార్చవలెనో ముందుగా ఇంటిలోనే నిర్ణయించుకొని, తక్కినవారి సమ్మతిపత్రములు వ్రాయించుకొని పొండు. మరణధ్రువపత్రము, పాత ఆర్.సి., భీమాకాగితము వెంట నుంచుకొనుడు. పలక తుప్పుపట్టి అక్షరములు చెరిగియున్నచో, వానిని మీరు రంగుతో దిద్దబోకుడు, ఆర్.సి.తో సరిచూచిన పిమ్మట దిద్దించుకొనవచ్చును.