మిట్టమధ్యాహ్నం కరెంటు

అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని, గట్టు మీద పాముందేమోనని అడుగడుగూ చూసుకుంటూ మోటారు వేయడానికి వెళ్లిన రైతులు మన పల్లెల్లో ఎందరో. పగటి కరెంటు ఊళ్లకూ ఫ్యాక్టరీలకూ సరిపోయేది. చేనుకి రాత్రి వంతు వచ్చేది.

ఇప్పుడు లెక్క మారింది. గని, శకునాల గ్రామాల దగ్గరున్న 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు వంటివి మధ్యాహ్నం దండిగా కరెంటు ఇస్తాయి. పొద్దుగూకితే ఆగిపోతాయి. సరిగ్గా అప్పుడే ఇంటింటా లైట్లు, టీవీలు, ఏసీలు మొదలు. ఆ లోటు పూడ్చడానికి ఎక్కువగా బొగ్గే మండించాలి.

అందుకే వాడకాన్నే ఎండవేళకు జరపాలంటున్నారు. కేంద్రం 2023లో సవరించిన నిబంధనల ప్రకారం, స్మార్ట్ మీటరున్నవారికి ఎండ ఉండే 8 గంటల్లో యూనిట్ ధర మామూలు కంటే కనీసం 20 శాతం తగ్గాలి, గిరాకీ వేళ పెరగాలి. వ్యవసాయానికి ఈ నిబంధన వర్తించదు. అయినా పగటిపూట కరెంటు రైతుకి ప్రాణరక్షణ అని నా గట్టి నమ్మకం.

ఇక ఇంటి సంగతి. మిద్దె మీది ట్యాంకు మధ్యాహ్నమే నింపేస్తే సాయంత్రం ఏడింటికి మోటారు వేయనక్కర్లేదు. వాషింగ్ మెషీన్‌కైనా అంతే. అన్నం మాత్రం ఆకలి వేళకే వండుకోవాలి.