కాలేజీ గుమ్మం మన పిల్లలందరిదీ
(యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు, కరువు భత్యం గురించి ఈ వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు చూపులేని, చెవులు వినిపించని, కాళ్లు చేతులు సహకరించని మన పిల్లల కాలేజీ చదువు గురించి మాట్లాడుకుందాం.

సాంచాల మోతలో మాట వినిపించదు కనుక మనం సైగలతో పని నడుపుకుంటాం. అది ఎవరో మనపై చూపే దయ కాదు, పని సాగే దారి. చూపులేని విద్యార్థికి మాట్లాడే కంప్యూటరు కూడా అంతే. ఎన్.వి.డి.ఎ. అనే సాఫ్ట్‌వేర్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో దీన్ని మొదలుపెట్టిన మైకేల్ కరన్ తానూ చూపులేనివాడే. దీనికి పైసా కట్టనక్కరలేదు. అచ్చు పుస్తకం చదవలేనివారి కోసం మన దేశంలో 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది.

సాధనాలు ఉన్నాయి. అడిగేవాళ్లే తక్కువ. మన సభ్యుడొకరు కూతుర్ని కాలేజీలో చేర్చబోతే, "చూపులేని పిల్లలకు ఇక్కడ కుదరదు" అని గుమాస్తా తిప్పి పంపాడు. తండ్రి నోరు మెదపకుండా ఇంటికొచ్చాడు. ఒక పూట కూలి కోస్తే గేటు ముందు బైఠాయించే మనం, బిడ్డ చదువే కోసేస్తే ఊరుకోవాలా?

చట్టం ఏమంటోంది? ప్రభుత్వ కాలేజీల్లో, ప్రభుత్వ సాయం పొందే కాలేజీల్లో 1995 చట్టం వికలాంగులకు 3 శాతం సీట్లు ఇచ్చింది. 2016 చట్టం దాన్ని కనీసం 5 శాతం చేసింది. వయోపరిమితిలో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నవారికి ఇవి వర్తిస్తాయి. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. 40 శాతం లేదన్న సాకుతో, రాయడానికి ఇబ్బంది పడేవారికి లేఖకుణ్ణి కాదనకూడదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇక మన పని. ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. కావలసినదేమిటో కాగితం మీద రాసి ప్రిన్సిపాలుకివ్వండి. నకలు మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. కాదంటే ఆ మాట రాసివ్వమనండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. ఆ కాగితంతో యూనియన్ ఆఫీసుకు రండి, కాలేజీకి మేమూ వెంట వస్తాం.

బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టకండి. మన తాతలు పొట్ట చేతపట్టుకుని షోలాపురం వచ్చింది పిల్లల బతుకు బాగుపడాలనే. ఆ పిల్లల్లో వీళ్లూ ఉన్నారు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!