గులాబీ పురుగు ఎలా మారింది? మనం ఏం అడగాలి?

(జ్యోతినగర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన చుట్టూ బొగ్గు గనులు, కరెంటు ప్లాంటు ఉన్నా, ఇక్కడి నుంచి కమాన్‌పూర్, మంథని వైపు పోతే కనిపించేవి వరి పొలాలు, పత్తి చేన్లే. దీపావళి దాటిందంటే ఆ పత్తి చేన్లలో ఒకటే మాట: "బీటీ వేసినా పురుగెందుకు పడుతోంది?" విత్తనం కల్తీ అని కొందరంటారు. మందు సరిగా కొట్టలేదని దుకాణదారు అంటాడు. రైతుకు అవగాహన లేదని పైవాళ్లు తేల్చేస్తారు. కల్తీ విత్తనాలు ఉన్న మాట నిజమే. కానీ అసలైన విత్తనం వేసిన చేనులో కూడా గులాబీ రంగు పురుగు బతుకుతోంది. ఎందుకంటే పురుగు మారింది. ఎట్లా మారిందో తెలుసుకుంటే ఈ తప్పు ఒక్క రైతు నెత్తిన వేయడం ఎంత అన్యాయమో అర్థమవుతుంది.

నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా పురుగును చంపే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. ఆ జన్యువును పత్తిలో పెట్టిందే బీటీ పత్తి. పురుగు కాయను తిన్నప్పుడు ఆ ప్రోటీన్ దాని పేగు గోడకు అతుక్కుంటుంది, తాళంలో తాళంచెవి పట్టినట్టు. పేగుకు రంధ్రాలు పడి పురుగు చస్తుంది. మన దేశంలో ఒక జన్యువున్న బీటీ పత్తికి 2002లో, రెండు జన్యువులున్న బీజీ-2 కు 2006లో అనుమతి ఇచ్చారు.

అయితే చాలా చాలా పురుగుల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ తాళం తేడాగా ఉంటుంది. తాళంచెవి పట్టదు, పురుగు చావదు. పురుగు "అలవాటు పడింది" అని మనం అంటుంటాం. నిజానికి ఏ పురుగూ తన బతుకులో అలవాటు పడలేదు. చచ్చేవి చచ్చిపోయాయి, చావనివి మిగిలి పిల్లల్ని కన్నాయి. ఈ పురుగుకు నెలకు అటూ ఇటూగా ఒక తరం. ఒక్క పంటకాలంలోనే ఎన్నో తరాలు. మంచి కంకిని ఏరి విత్తనానికి దాచుకున్నట్టు, బీటీని తట్టుకునే పురుగును మన చేన్లే ఏరి పెట్టాయి. దీన్నే శాస్త్రజ్ఞులు ప్రకృతి వరణం అంటారు.

మొదటి జన్యువును గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010లో గుజరాత్ నుంచి బయటపడింది. తర్వాత ఐదారేళ్లలోనే బీజీ-2 కూడా దాని మీద పనిచేయడం లేదని నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తేల్చారు. మన తెలంగాణ పత్తిలో కూడా అదే కనిపించింది.

మరి శనగపచ్చ పురుగు ఇంత తొందరగా ఎందుకు మారలేదు? అది కంది, శనగ, మిరప, టమాట అన్నీ తింటుంది. ఆ పంటల్లో బీటీ లేదు కాబట్టి అక్కడ మామూలు పురుగులు పెరిగి, తట్టుకునే పురుగులతో కలుస్తాయి. గులాబీ పురుగుకు పత్తే ప్రధాన తిండి. ఊరు ఊరంతా బీటీ పత్తే అయ్యాక మామూలు పురుగు మిగిలే చోటు లేకుండా పోయింది.

ఆ చోటు కోసమే 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చారు. దాని వెనుక లెక్క ఇది. బీటీని పూర్తిగా తట్టుకునే గుణం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే పిల్ల పురుగు బతుకుతుంది. నాన్ బీటీ వరుసల్లో మామూలు పురుగులు వందల్లో ఉంటే, తట్టుకునే పురుగు వాటితోనే కలుస్తుంది. పుట్టే పిల్లలు బీటీ తిని చస్తాయి. కొంచెం పంట పురుగుకు వదిలితే మిగతా పంట దక్కుతుందన్నమాట. ఈ సంగతి చేను గట్టు మీద నిలబడి మనకు చెప్పినవాళ్లు ఎందరు? ఆ చిన్న ప్యాకెట్ గట్టున పారేసిన ఇళ్లు ఎన్నో మనకు తెలుసు. ఎందుకు వేయాలో చెప్పకుండా ఎకరం కౌలు కట్టే రైతును పురుగుకు పంట వదలమంటే వదులుతాడా?

ఇంకో సంగతి. మన దగ్గర బీటీ వచ్చింది హైబ్రిడ్ విత్తనాల్లో. హైబ్రిడ్ మొక్క కాయలో అన్ని గింజలకూ బీటీ జన్యువు ఉండదు. కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. గులాబీ పురుగు తినేది ఆ గింజనే. అరకొర మోతాదు తిన్న పురుగు బతికి బట్టకట్టడం సులువు. పైగా ఈ హైబ్రిడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి. చలికాలం చివరిదాకా చేను ఉంటే పురుగుకు తరం మీద తరం. విత్తనం ఏ రకం రావాలో నిర్ణయించింది రైతు కాదు.

ఇదే పురుగును అమెరికా పత్తి ప్రాంతాల నుంచి పూర్తిగా తొలగించినట్టు 2018లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అక్కడ నాన్ బీటీ వేయించే బాధ్యత కంపెనీల మీద కూడా పెట్టారు. తర్వాత గొడ్డు పురుగులను విమానాల నుంచి వదిలారు. లింగాకర్షక మందులు వాడారు. పంట అయ్యాక కట్టెను దున్నించారు. ఒక్కో రైతు మీద వదిలేయకుండా ప్రాంతం ప్రాంతమంతా ఒకేసారి చేశారు.

మన చేతిలో ఉన్న పని చూద్దాం. రెక్కల పురుగు గట్లు చూడదు, పక్క చేనుకు ఎగిరిపోతుంది. కాబట్టి ఊరంతా కలిసి చేస్తేనే ఫలితం. లింగాకర్షక బుట్టలు పెట్టి, బుట్టకు రాత్రికి 8 రెక్కల పురుగులు వరుసగా 3 రాత్రులు పడితేనే మందు గురించి ఆలోచించాలి. విచ్చుకోని గుడ్డి పూలను ఏరి నాశనం చేయాలి. డిసెంబరు కల్లా ఏరుడు ముగించి, చేనులో గొర్రెలు, మేకలు మేపి, కట్టెను గట్ల మీద కుప్ప వేయకుండా తీసేయాలి. మిగిలిన కాయల్లో, జంట గింజల్లో పురుగు వచ్చే వానాకాలం దాకా నిద్రపోతుంది. ఆ నిద్ర చోటే మనం చెడగొట్టాలి.

ఇక మనం అడగాల్సినవి. తక్కువ కాలంలో కాపు అయిపోయే పత్తి రకాల విత్తనం సమయానికి అందించాలి. నాన్ బీటీ విత్తనం నాణ్యతకు కంపెనీ బాధ్యత వహించాలి. జిన్నింగ్ మిల్లుల్లో కూడా బుట్టలు పెట్టించాలి. కట్టెను ముక్కలు చేసే యంత్రాలను ఊరికి అద్దెకు ఇప్పించాలి. పురుగుతో నష్టపోయిన చేనును బీమాలో లెక్క కట్టాలి.

వరి రైతులు ఇది పత్తి గొడవే అనుకోవద్దు. ఉల్లికోడును తట్టుకునే వరి రకాలు కొన్నాళ్లకు లొంగిపోవడం మనకు తెలిసిందే. దేశంలో ఉల్లికోడు 7 రూపాల్లో ఉందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడా ఇదే సూత్రం. రేపు ఏ కొత్త విత్తనం తెచ్చినా, "పురుగు దీన్ని ఎన్నేళ్లలో తట్టుకుంటుంది? తట్టుకోకుండా మీరేం చేస్తారు?" అని ప్యాకెట్ కొనే ముందే సంఘంగా అడుగుదాం. పురుగు ప్రతి తరంలో మారుతూనే ఉంటుంది. మనం ఒక్కొక్కరం ఒక్కో తీరుగా ఉంటే దానికే లాభం.