నిమ్మకాయ దీపము
(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు వెలుగు చూపుచున్న గ్రంథాలయపు ఉత్సవమున నొక చిన్న దీపమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. అది నిమ్మకాయలతో వెలుగు దీపము.

నిమ్మకాయలో నొక రాగి రేకును, జింకు పూతగల యొక మేకును ఒకదానికొకటి తగులకుండ గ్రుచ్చి తీగలతో కలిపినచో, సుమారు 0.9 వోల్టు పీడనము ఏర్పడును. ఇట్టివి మూడు నాలుగు వరుసగా జోడించిన, చిన్న ఎర్రని ఎల్.ఇ.డి. దీపము మినుకుమినుకుమనును. పాఠశాలలలో పిల్లలు దీనిని ప్రదర్శింపగా, "తోటలో కాయలుండగా కరెంటు బిల్లు ఏల?" యని పెద్దలు ముచ్చటపడుట కద్దు. ఆ యాశ యెంతవరకు నిజమో విచారింతము.

ఇటలీ దేశీయుడగు గాల్వనీ, చచ్చిన కప్పకాలికి రెండు లోహములు తాకగా నది యెగిరిపడుట గమనించి, విద్యుత్తు జంతుశరీరముననే కలదని 1791లో ప్రకటించెను. ఆ దేశీయుడే యగు వోల్టా కప్పను తొలగించి, జింకు బిళ్లలను, వెండి బిళ్లలను ఉప్పునీట తడిపిన యట్టముక్కలతో దొంతరగా పేర్చి, విద్యుత్తును పుట్టించి 1800లో లోకమునకు తెలిపెను. కప్పకు బదులు తడియట్టయే చాలునని తేలినది.

నిమ్మకాయ సంగతియు నంతియే. పులుసులో జింకు కొద్దికొద్దిగా కరగుచు ఎలక్ట్రానులను విడుచును. అవి తీగ వెంట రాగి వైపునకు సాగుటయే విద్యుత్ప్రవాహము. ఇందు ఇంధనము జింకు. కాయ త్రోవ మాత్రమే. బంగాళాదుంపను ఎనిమిది నిమిషములు ఉడికించినచో పచ్చిదానికంటె పదిరెట్లు శక్తి లభించునని 2010లో జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమువారు చూపిరి. ఉడికిన దుంపలో త్రోవ సుగమమగుటయే దానికి కారణము.

ఇక లెక్క చూడుడు. ఒక కాయ నుండి లభించు శక్తి సాధారణముగా వాటులో వెయ్యవ వంతునకు మించదు. ఇంటిలోని 9 వాట్ల దీపమునకు 9,000 కాయలైనను చాలవు. జింకును ఖనిజమునుండి తీయుటకైన శక్తి, అది తిరిగి యిచ్చుదానికంటె నెక్కువ. కావున దీనిని జూపి యెవరైన సొమ్మడిగినచో ఈ లెక్క యడుగుడు.

కాయగూరలనుండి నిజముగా శక్తిని పొందు మార్గము వేరొకటి కలదు. గాలి చొరని తొట్టిలో వ్యర్థమును మురుగనిచ్చినచో మండు వాయువు పుట్టును; దానితో యంత్రమును నడుపవచ్చును. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టున దినమునకు సుమారు 10 టన్నుల వ్యర్థముతో 500 యూనిట్ల విద్యుత్తు నుత్పత్తి చేయు కేంద్రము నెలకొల్పబడి, 2021లో దేశమంతట ప్రశంసల నందుకొన్నది. మిగిలిన మడ్డి పొలమునకు ఎరువగును.

బాలబాలికలారా! నిమ్మకాయకు బదులు గిన్నెడు ఉప్పునీట ఆ మేకును, రేకును ముంచి చూడుడు. పీడనము అప్పుడును కనబడును. పిమ్మట మేకును తీసి, రెండును రాగి రేకులే యుంచుడు. దాదాపు ఏమియు నుండదు. రహస్యమెచట నున్నదో మీకే బోధపడును. అయితే ప్రయోగమున వాడిన కాయను మాత్రము తినరాదు. అందు లోహము కరగియుండును.

విన్నదానిని చదివి సరిచూచుటకు, చదివినదానిని చేసి సరిచూచుటకు ఈ గ్రంథాలయము మరి యెన్నో యేండ్లు తోడ్పడుగాక!